వియ్యాలవారి పెసరట్టు, రుషికొండ కెరటం

రాజమండ్రి ఆర్టీసీ కాంప్లెక్స్‌కి నాలుగడుగుల దూరంలో నాకో మందుల షాపుంది. పెట్టి ఇరవై ఏడేళ్లయింది. మారేడుమిల్లి ఘాట్ మీదుగా భద్రాచలం వెళ్లే బస్సు ఎక్కబోతూ జనం నన్ను అడిగేది ఒకటే: "వాంతుల బిళ్ల ఉందాండీ?" బిళ్లతో పాటు ఓ ఉచిత సలహా కూడా ఇస్తుంటాను. ముందు సీట్లో కూర్చోండి, సెల్లు చూడకండి, కడుపునిండా తినకండి అని. ఎన్ని వేలమందికి చెప్పుంటానో లెక్కలేదు. అలాంటి నేను యాభై రెండో ఏట, విశాఖపట్నం రుషికొండ దగ్గర, స్కూబా డైవింగ్ బోటు అంచు పట్టుకుని వంగి, పొద్దున తిన్న మూడు పెసరట్లనూ బంగాళాఖాతానికి అప్పజెప్పాను. బిళ్ల నా చొక్కా జేబులోనే ఉంది. చొక్కా ఒడ్డున ఉంది.

తప్పు సముద్రానిది కాదండి, మొహమాటానిది. మా పెద్దమ్మాయిని విశాఖ ఇచ్చాం. "నాన్నా, నీకు నీళ్లంటే అంత ఇష్టం కదా, ఒక్కసారి సముద్రం అడుగు కూడా చూద్దువుగాని రా" అని స్కూబాకి పేరు రాయించింది. ముందురోజు రాత్రి బావగారితో కబుర్లలో పడి పడుకునేసరికి పన్నెండు దాటింది. తెల్లారి ఆరింటికి బయల్దేరాలంటే, అయిదింటికే వియ్యపురాలు పెసరట్టు ఉప్మా, అల్లం పచ్చడి సిద్ధం చేసేశారు. "చాలండి చెల్లెమ్మగారూ" అంటే వింటారా? "అయ్యో అన్నయ్యగారూ, నీళ్లలోకి దిగాలి కదా, ఒంట్లో సత్తువ ఉండొద్దూ!" వాళ్ల సొంతూరు అమలాపురం. గోదావరి జిల్లాల్లో పుట్టి, వియ్యాలవారింట్లో కంచం ముందు కూర్చుని వద్దనడం మా ఇంటావంటా లేదు. పైన గ్లాసుడు కాఫీ కూడా తాగాను.

బోటు ఎక్కగానే అందరికంటే ముందు ఆ రబ్బరు సూటు తొడిగేసుకున్నాను. ఒళ్లంతా బిగుతు, లోపల ఉక్క. కుర్రాళ్లు నిలబడి ఉంటే నేను కూర్చోవడం ఏం బాగుంటుందని, ఎవరికీ అక్కర్లేని చోటు చూసుకుని వెనకాల ఇంజను పక్కన కూర్చున్నాను. డీజిలు పొగంతా నాకే. ఇంటావిడకి ఫొటో పంపుదామని తలొంచుకుని సెల్లులో వేళ్లాడించడం మొదలెట్టాను. బోటు ఆగి లంగరు వేశాక అసలు ఉయ్యాల మొదలైంది. ముందు ఆవలింతలు, తర్వాత నోట్లో నీళ్లూరడం, నుదుటి మీద చల్లటి చెమట. కడుపులో దేవుతోంది. నేర్పించే కుర్రాడు వచ్చి "అంకుల్, బాగానే ఉందా?" అన్నాడు.

"ఆయ్, బాగానే ఉందండీ" అన్నాను.

ఆ మాట పూర్తయ్యీ కాకుండానే పెసరట్లు బయటికొచ్చాయి. ఆ రోజు నన్ను నీళ్లలోకి దింపలేదు. ఒడ్డుకొచ్చాక ఆ కుర్రాడు నెమ్మదిగా అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "వాంతి తప్పు కాదు అంకుల్. బాగానే ఉందన్నారు చూడండి, అదే ప్రమాదం."

గోదారి ఈత వేరు

కోటిలింగాల రేవులో ఈత నేర్చుకున్నవాణ్ణి. సఖినేటిపల్లి నుంచి నరసాపురం పంటు మీద ఎన్నిసార్లు దాటానో. పాపికొండల లాంచీలో సరంగు పక్కన నిలబడి టీ తాగినవాణ్ణి. నాకు నీళ్లు తెలుసనుకున్నాను. కానీ గోదారి లాగుతుంది, సుడి తిప్పుతుంది గానీ, మనిషిని కూర్చోబెట్టి గంటల తరబడి ఊపదు. ఆ ఊపు సముద్రానిదే. కాకినాడలో బోటెక్కి హోప్ ఐలాండ్ వైపు వెళ్లినవాళ్లకి ఈ తేడా తెలుస్తుంది. గోదారి మేటవేసిన ఇసకతో పెరిగిన ఆ దిబ్బ అడ్డుగా ఉన్నంతసేపూ నీళ్లు చెరువులా ఉంటాయి. దాని కొస దాటి బయటికొచ్చారో, బోటు ముక్కు లేవడం, దిగడం మొదలు.

మా తీరంలో సరదాకి స్కూబా లేకపోవడానికి కారణం కూడా గోదారే. మోసుకొచ్చే ఒండ్రుతో నదీముఖాల దగ్గర నీళ్లలో చెయ్యి చాపితే చెయ్యి కనబడదు. సిలిండరు కట్టుకుని దిగేవాళ్లను మా వైపు జనం శ్రద్ధగా చూసింది ఒక దుఃఖ సమయంలో. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగినప్పుడు. అక్టోబరు 22న కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం దాన్ని ఒడ్డుకి చేర్చింది. విశాఖ నుంచి వచ్చిన డైవర్లు ఆ చీకటి నీళ్లలో అడుగుకి దిగి తాళ్లు బిగించారు. అది పని. సరదాగా అడుగు చూడాలంటే మాత్రం రాళ్లు, చేపలు కనిపించే రుషికొండకో, ఇంకా దూరం అండమాన్‌కో వెళ్లాల్సిందే.

చెవిలో రసమట్టం

ఇంటికొచ్చాక ఉక్రోషంతో చదవడం మొదలెట్టాను. ఇంతకీ వికారం పుట్టేది కడుపులో కాదు, చెవిలో. గోడ నిటారుగా ఉందో లేదో చూడ్డానికి తాపీమేస్త్రీ దగ్గర రసమట్టం ఉంటుంది కదా, అలాంటిదే లోపలి చెవిలోనూ ఉంది. ద్రవం నిండిన మూడు అర్ధచంద్రాకారపు గొట్టాలు తల ఎటు తిరిగిందో చెబుతాయి. వాటి పక్కనే సన్నటి సున్నపు రేణువులు పేర్చిన పొర ఒకటి, ఒళ్లు పైకి లేచిందా కిందికి దిగిందా అన్నది చెబుతుంది. బోటులో సెల్లు చూస్తున్నప్పుడు కళ్లు "కదలడం లేదు" అంటాయి, చెవి "ఊగిపోతున్నాం" అంటుంది. ఈ రెండు సాక్ష్యాలూ కుదరక మెదడు తికమకపడుతుంది.

తికమకపడితే పడింది, వాంతి ఎందుకు? దీనికి 1977లో ట్రైస్‌మన్ అనే శాస్త్రవేత్త ఒక ఊహ చెప్పాడు. పూర్వం మనిషికి కళ్లూ చెవులూ ఇలా పొంతన లేకుండా పనిచేసేది ఏదో విషపు కాయ తిన్నప్పుడే. అందుకని మెదడు ఇప్పటికీ "ఏదో తినేశావు, ముందు కక్కేయ్" అంటుందని. అందరూ ఒప్పుకున్నది కాదు గానీ, నాకు నచ్చింది. పాపం పెసరట్టుది ఏ తప్పూ లేదు.

ఇంకో వింత. గుంతల రోడ్డు మీద ఆటో ఎంత కుదిపినా పెద్దగా వాంతి రాదు. అది సెకనుకి నాలుగైదు కుదుపులు. మనిషిని ఎక్కువ బాధపెట్టేది అయిదు సెకన్లకోసారి నింపాదిగా పైకీ కిందికీ తీసుకెళ్లే ఊపని ప్రయోగాల్లో తేలింది. లంగరు వేసిన చిన్న బోటు ఊపు దాదాపు అదే.

చెవే అసలు ముద్దాయి అనడానికి గట్టి రుజువు అమెరికాలో దొరికింది. 1958 నుంచి పదేళ్లపాటు అక్కడి నౌకాదళం, నాసా కలిసి, లోపలి చెవి దెబ్బతిన్న పదకొండు మంది బధిరుల మీద పరీక్షలు జరిపాయి. నోవా స్కోషియా తీరాన తుఫాను కెరటాల మధ్య ఓడలో వాళ్లు హాయిగా పేకాడుకుంటుంటే, పరీక్ష చేయాల్సిన శాస్త్రవేత్తలు వాంతులతో చతికిలబడి, ఆ పరీక్షే మానుకున్నారట. అంటే, కడుపులో దేవుతోందంటే మన చెవి చక్కగా పనిచేస్తున్నట్టు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

సముద్రాలేలిన ఇంగ్లండు నౌకాదళపతి నెల్సన్‌కి గాలి ముదిరినప్పుడల్లా వికారమే. 1831 డిసెంబరులో బీగిల్ ఓడ ఎక్కిన డార్విన్ 1836లో దిగేదాకా దీంతోనే కాపురం చేశాడు. బిస్కెట్లూ ఎండుద్రాక్షా తప్ప ఏదీ ఇమిడేది కాదని ఇంటికి ఉత్తరం రాసుకున్నాడు. అంత దూరం ఎందుకు, మా తాతయ్య కాకినాడ నుంచి స్టీమరెక్కి రంగం వెళ్లొచ్చిన మనిషి. రంగూన్‌ని ఇక్కడ రంగం అనేవారు. బర్మావాళ్లు మన తెలుగువాళ్లను కోరంగీలు అనేవారు, మన కోరంగి రేవు పేరుమీద. పెద్ద ఓడ దూరంగా లంగరు వేసేది, నావల్లో వెళ్లి ఎక్కాలి. డెక్కు మీద చాపేసుకుని రోజుల తరబడి ప్రయాణం. "ఓడ నడుమన కూర్చోవాలి, నీళ్లకేసి చూడకూడదు, ఆకాశం నీళ్లకి ఆనిన గీతకేసి చూడాలి" అనేవారు తాతయ్య. చెవిలో గొట్టాల సంగతి ఆయనకి తెలీదు. చెప్పింది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం.

ముందురోజు రాత్రే మొదలు

బోటు మీద కడుపు తిప్పడం మొదలయ్యాక చేయగలిగింది తక్కువ. చేయాల్సిందంతా ముందురోజు రాత్రే. నిద్ర తక్కువైనా, మందు తాగినా, సముద్రం రెట్టింపు వసూలు చేస్తుంది. పొద్దున్నే నూనె, నెయ్యి, మసాలా వద్దు. అలాగని ఖాళీ కడుపుతోనూ వెళ్లకూడదు, అప్పుడు పైత్యం ఎగదన్ని ఇంకా బాధ. రెండు ఇడ్లీలో, ఓ అరటిపండో, నాలుగు బిస్కెట్లో చాలు. నీళ్లు గుక్కగుక్కగా తాగుతుండాలి. ఒంట్లో నీరు తగ్గడం డైవర్లకి అసలే మంచిది కాదు. వాంతులయ్యాయంటే ఓఆర్ఎస్ తప్పనిసరి.

అల్లం సంగతి అడుగుతారని తెలుసు. 1988లో డెన్మార్క్‌లో ఎనభై మంది నౌకాదళ విద్యార్థుల మీద నడిసముద్రంలో పరీక్ష చేశారు. అల్లం పొడి మింగినవాళ్లకి వాంతులూ చల్లచెమటలూ తగ్గాయి. అన్ని పరీక్షల్లోనూ ఇలా తేలలేదు గానీ, అల్లం ముక్క బుగ్గన పెట్టుకుంటే పోయేదేమీ లేదు. నిమ్మకాయ వాసన కూడా అంతే, డీజిలు వాసన నుంచి ముక్కుని కాపాడితే అదే పదివేలు.

ఇక బిళ్ల సంగతి

ఇది నా సొంత దుకాణం, కాస్త వివరంగా చెప్పనివ్వండి. ప్రయాణపు వికారానికి నిజంగా పనిచేసే మందు దొరకడమే ఒక చిత్రం. 1947లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రికి దద్దుర్లతో ఓ గర్భిణి వచ్చింది. డాక్టర్లు అలర్జీకి ఒక కొత్త బిళ్ల ఇచ్చారు. "దద్దుర్ల మాటెలా ఉన్నా, ట్రామెక్కితే వచ్చే వాంతులు పోయాయి" అందావిడ. మరుసటేడు ఒక సైనిక ఓడలో అట్లాంటిక్ దాటుతున్న వెయ్యికి పైగా సైనికుల మీద పరీక్షించి చూస్తే నిజమేనని తేలింది. అదే డ్రామమైన్.

మన దగ్గర బస్సు ప్రయాణానికి ఎక్కువగా అడిగేది అవోమిన్. అందులోది ప్రొమెథజిన్. బాగా పనిచేస్తుంది, కానీ నిద్ర తెస్తుంది. భద్రాచలం దాకా బస్సులో నిద్రపోతే ఎవరికీ నష్టం లేదు. సిలిండరు కట్టుకుని నీళ్లలో మత్తుగా ఉండడం వేరే సంగతి. సినారిజిన్ బిళ్లకి మత్తు కాస్త తక్కువంటారు, అదీ అందరికీ ఒకేలా ఉండదు. అందుకని నేను చెప్పేది మూడు ముక్కలు. ఒకటి, డైవింగ్‌కి వెళ్తున్నానని చెప్పి డాక్టరుని అడగండి. గ్లకోమా, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్లూ, గర్భిణులూ, వేరే మత్తు మందులు వాడేవాళ్లూ మరీ ముఖ్యంగా. గర్భంతో ఉంటే అసలు డైవింగే కూడదు. రెండు, ఆ బిళ్లని వారం ముందే ఓ సెలవురోజు ఇంట్లో వేసుకుని, ఎంత మత్తు వస్తుందో చూసుకోండి. మూడు, బయల్దేరడానికి గంటా రెండు గంటల ముందే వేసుకోండి. కడుపు తిప్పడం మొదలయ్యాక మింగిన బిళ్ల మీకు పనిచేయదు, చేపలకే పోతుంది.

చాలామంది తెలివిగా జ్వరం, విరేచనాలప్పటి వాంతుల మందు ఒండాన్‌సెట్రాన్ అడుగుతారు. ఆ వాంతికి అది మంచి మందే. ఊపువల్ల వచ్చే వాంతిని మాత్రం ఆపదు. రెండిటి దారులూ వేరు.

బోటు మీద

బోటు నడిమధ్య ఊపు తక్కువ. అక్కడ కూర్చోండి, ఇంజను పొగకి ఎదురుగాలి వైపు. ట్యాంకు బిగించడం, బెల్టులు సరిచూడడం లాంటి తలొంచుకు చేసే పనులన్నీ ఒడ్డునే ముగించండి. రబ్బరు సూటు దిగే ముందు తొడగండి. కళ్లు దిగంతం మీద ఉంచండి. చుక్కాని పట్టిన సరంగుకి వికారం తక్కువ ఎందుకో గమనించారా? రాబోయే కెరటం అతనికి ముందే తెలుసు, మెదడు సిద్ధంగా ఉంటుంది. ఘాట్ రోడ్డు మీద డ్రైవరుకి వాంతి రాకపోవడం కూడా ఇందుకే.

వాంతి వస్తే గాలి వీపుకి తగిలే వైపు వెళ్లి, రెయిలింగు పట్టుకుని కక్కేయండి. ఎదురుగాలికి కక్కితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. బోటులోని బాత్రూంలోకి మాత్రం పోవద్దు, ఆ ఇరుకులో దిగంతం కనబడదు, వాసన వేరే. నోరు కడుక్కుని రెండు గుక్కలు నీళ్లు తాగండి.

ఉప్పాడ నుంచి వచ్చి నా దగ్గర బీపీ మాత్రలు కొనుక్కునే పెద్దాయన ఒకరున్నారు, నలభై ఏళ్లు వేట చేసినాయన. నా కథ విని నవ్వారు. "కొత్తగా వేటకొచ్చిన కుర్రోళ్లకి మొదటి రెండ్రోజులూ కక్కుళ్లేనండి. మూడోనాటికి సముద్రం ఒంటబడుద్ది." పుస్తకాలూ అదే చెబుతున్నాయి. రెండు మూడు రోజుల్లో మెదడు ఆ ఊపుకి అలవాటుపడుతుంది. కానీ ఒక్కపూట స్కూబాకి వెళ్లే మనకి ఆ మూడోనాడు రాదు కదా.

నీళ్లలో

చిత్రమేమిటంటే, నీళ్లలోకి దిగితే వికారం చాలామందికి తగ్గుతుంది. కెరటం ఊపు పైపైనే. ఒక కెరటం శిఖరానికీ మరో శిఖరానికీ ఎంత దూరముందో, అందులో సగం లోతుకి వెళ్తే ఊపు దాదాపు ఉండదు. అందుకే కొద్దిపాటి తిప్పుడైతే, నేర్పేవాడు సరేనంటే, తొందరగా దిగి, తాడు పట్టుకుని, దాన్నే చూస్తూ కిందికి పోవడం మంచిది. అప్పటికే వాంతులై నీరసపడితే మాత్రం ఆ రోజుకి దిగకూడదు. అడుగున కూడా పొడుగాటి కెరటాలు ముందుకీ వెనక్కీ తోస్తుంటాయి. గడ్డి ఊగినట్టు వాటితో పాటు ఊగాలి, ఎదురీదకూడదు.

నీళ్లలో వాంతి వస్తే? నోట్లో ఉన్న రెగ్యులేటర్ తీయకూడదు. చేత్తో అదిమి పట్టుకుని అందులోకే కక్కేయాలి. కక్కిన మరుక్షణం మనకి తెలియకుండానే గట్టిగా ఊపిరి పీలుస్తాం. అప్పుడు నోట్లో అది లేకపోతే పీల్చేది నీళ్లే. తర్వాత దాని ముందున్న మీట నొక్కితే గాలి తన్ని శుభ్రమవుతుంది. ఇదంతా ముందే ఒడ్డున అడిగి నేర్చుకోండి. సైగలూ అంతే. నీళ్లలో బొటనవేలు పైకి చూపిస్తే 'భేష్' అని కాదు, 'పైకి వెళ్దాం' అని. అరచేయి చాచి అటూ ఇటూ ఊపితే 'ఏదో తేడాగా ఉంది' అని. ఏం జరిగినా ఊపిరి బిగబట్టి రివ్వున పైకి రాకూడదు, ఊపిరితిత్తులకి ప్రమాదం.

కళ్లు తిరిగిన ప్రతిసారీ అది సముద్రపు వికారమే అనుకోవద్దు. ఒక చెవిలో ఒత్తిడి సర్దుకుని మరో చెవిలో సర్దుకోకపోయినా లోకం గిర్రున తిరుగుతుంది. అందుకే జలుబుతో దిగకూడదు, దిగేటప్పుడు అడుగడుక్కీ ముక్కు మూసి మెల్లగా చెవుల్లోకి గాలి పంపాలి. పైకొచ్చాక కూడా తల తిరగడం తగ్గకపోయినా, చెవి వినబడకపోయినా, కీళ్ల నొప్పులో తిమ్మిర్లో వచ్చినా అది వేరే జబ్బు కావచ్చు. "బోటు ఊపులే" అని పడుకోకుండా డైవింగ్ చేశామని చెప్పి వెంటనే డాక్టరుకి చూపించాలి.

రెండోసారి

తుపాన్లు సద్దుమణిగి సముద్రం నెమ్మదించిన ఫిబ్రవరిలో మళ్లీ వెళ్లాను. రాత్రి తొమ్మిదింటికే "బావగారూ, కబుర్లు రేపు" అని లేచిపోయాను. పొద్దున్న వంటింట్లోంచి పెనం మీద చుయ్‌మన్న శబ్దం వినగానే గుండె ఝల్లుమంది. వద్దంటే ఆవిడ నొచ్చుకుంటారు. బస్సులో వచ్చినంతసేపూ ఆలోచించి పెట్టుకున్న మాట అప్పుడు వాడాను. "వచ్చాక పెట్టండి చెల్లెమ్మగారూ, అప్పుడైతే తీరిగ్గా తింటాను." ఆవిడ ముఖం విప్పారింది. కాదనక్కర్లేదు, వాయిదా వేస్తే చాలని యాభై రెండేళ్లకి తెలిసింది. రెండు ఇడ్లీలు తిని, డాక్టరు చెప్పిన బిళ్ల వేసుకుని బయల్దేరాను.

బోటు మీద అదే కుర్రాడు. "అంకుల్, బాగానే ఉందా?"

"కొంచెం తిప్పుతోంది బాబూ" అన్నాను.

నవ్వి, నన్ను నడిమధ్యకి జరిపి, అందరికంటే ముందు నీళ్లలోకి దింపాడు. తాడు పట్టుకుని రెండు మీటర్లు, నాలుగు మీటర్లు, చెవులు సర్దుకుంటూ ఎనిమిది మీటర్లు. ఎక్కడో మధ్యలో ఊపు ఆగిపోయింది, ఎప్పుడు ఆగిందో తెలీలేదు. నా ఊపిరి బుడగల చప్పుడు తప్ప ఏమీ లేదు. రాతి సందులోంచి చారల చేపలు నాలుగు బయటికొచ్చి నన్ను చూసి, పెద్ద విశేషమేమీ కాదనుకుని వెళ్లిపోయాయి. కుర్రాడు వేళ్లు గుండ్రంగా చుట్టి అడిగాడు, బాగానే ఉందా అని. నేనూ అలాగే చుట్టి చూపించాను. ఈసారి అది నిజం.

ఇంటికొచ్చేసరికి ఒంటిగంట. చెల్లెమ్మగారు పెనం పెట్టారు. అయిదు పెసరట్లు తిన్నాను. నాలుగు ఆకలికి, అయిదోది మొహమాటానికి.